చివరి సంచిక రానే లేదు

పెనుమూడితో నేల అయిపోతుంది. ఎదురుగా కృష్ణ, ఆవలి ఒడ్డున పులిగడ్డ, దాని వెనక దివిసీమ. వంతెన తర్వాత వచ్చింది గానీ అంతకు ముందు పడవే గతి. రైలు ఇక్కడిదాకా రానే రాదు, రేపల్లెలో ఆగిపోతుంది. ఇంత మారుమూలకీ మద్రాసు వడపళనిలో అచ్చయిన పిల్లల పత్రిక ‘చందమామ’ నెలనెలా చేరేది. తెనాలి జంక్షన్‌లో బండి మారి, వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో దిగి, అక్కణ్ణించి ఎవరి సంచిలోనో ఊళ్ళోకొచ్చేది. వచ్చిన ఒక్క ప్రతీ ఎన్నిళ్ళు తిరిగేదో చెప్పలేం. అట్టలూడాక కూడా తిరిగేది.

నిజానికి ఆ రైలు చందమామను పుట్టింటికి తెచ్చినట్టే. ఎందుకంటే దాని వెనక ఉన్న బుర్రలు తెనాలివి.

ఆలూరి వెంకట సుబ్బారావు అంటే ఎవరికీ తెలియకపోవచ్చు. చక్రపాణి అంటే తెలుస్తుంది. 1908లో తెనాలిలో పుట్టాడు. క్షయ పట్టుకుని మదనపల్లె శానిటోరియంలో పడి ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని, శరత్‌ను తెలుగులోకి తెచ్చి ఇంటింటి రచయితను చేశాడు. తెనాలిలోనే ‘యువ’ మాసపత్రిక పెట్టాడు. ఆ తర్వాత మద్రాసు చేరి బి. నాగిరెడ్డితో కలిశాడు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు, 1947 జులైలో, తెలుగులో ‘చందమామ’, తమిళంలో ‘అంబులిమామ’ వెలువడ్డాయి. 1952లో మరో తెనాలి మనిషి, కొడవటిగంటి కుటుంబరావు, చందమామ సంపాదకుడి బల్ల ముందు కూర్చుని 1980లో కన్నుమూసేదాకా లేవలేదు. పెద్దల కోసం రాసేటప్పుడు దేనినీ వదలకుండా ఉతికేసే ఆ మనిషి, పిల్లల దగ్గరికొచ్చేసరికి ఒక్క కఠినమైన మాట పడనిచ్చేవాడు కాదు. తన పేరు కూడా పడనివ్వలేదు. ఆయన తెలుగే మిగతా భాషల్లోకి వెళ్ళేది. ఒక దశలో ఆ భాషలు డజను దాటాయి.

కుర్రాళ్ళకు పత్రిక ఎలా రూపుదిద్దాలి అని ఇప్పుడు కోర్సులు చెబుతున్నారు. రంగులు, అక్షరాల సైజు, కవరు మీద ఏ వయసు ముఖం ఉండాలి అంటూ. చందమామ వాళ్ళు కోర్సులు చదవలేదు గానీ పేజీని ఎరుగుదురు. ఏ పేజీ తిప్పినా బొమ్మ ఉండాల్సిందే. చదవడం రాని పిల్ల బొమ్మలు పట్టుకునే కథ అల్లుకునేది, చదవడం వచ్చినవాడు బొమ్మ దగ్గర ఆగి మళ్ళీ కథలోకి వెళ్ళేవాడు. అట్ట మీద వడ్డాది పాపయ్య రంగులు. ఆ పసుపూ ఆ నీలమూ ఇంకెవరి కుంచెలోనూ లేవని నా గట్టి నమ్మకం. లోపల చిత్రా, శంకర్. శ్మశానంలో భుజాన శవం, చేత కత్తితో నడుస్తున్న విక్రమార్కుడి బొమ్మ శంకర్‌దే. నెలనెలా అదే బొమ్మ వస్తుందని తెలిసీ, దాని కోసమే పేజీ తిప్పేవాళ్ళం. అప్పుడప్పుడూ మార్చాలని ఎవరికీ తోచకపోవడం ఆ పత్రిక అదృష్టం.

పన్నెండు, పదమూడేళ్ళొచ్చి కాకమ్మ కబుర్లు చాలనిపించే ఈడుకు దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళుండేవి. ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘రాకాసి లోయ’. కొండలు, కోటలు, మాంత్రికులు, సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ‘ఇంకా ఉంది’. నూనూగు మీసాలొచ్చాక చందమామ సంస్థే మరో మెట్టు చూపించింది: 1966లో మొదలైన ‘విజయచిత్ర’. సినిమా, తారలు, నున్నటి కాగితం మీద రంగుల ఫోటోలు. హాలు బయట కొన్న పాటల పుస్తకం జేబులో, విజయచిత్ర చంకలో. ఆనాటి కుర్రకారు సంగీత పత్రిక అదీ ఇదీ కలిపితేనే. పాట తప్పు రాకుండా పాడాలంటే పాటల పుస్తకంలో చూసుకోవాల్సిందే. ఇంకాస్త ఎదిగితే చక్రపాణి ‘యువ’ ఎలాగూ ఉంది. పసితనం నుంచి పెళ్ళి ఈడు దాకా పాఠకుణ్ణి ఒక ఇంటివాళ్ళే పెంచారన్నమాట.

ఆ ఇల్లు కూలడం ఒక్క రోజులో జరగలేదు. 1975లో చక్రపాణి పోయాడు. 1980లో కుటుంబరావు. 1992లో వడ్డాది పాపయ్య. మనుషులు పోయినా పత్రిక నడుస్తూనే ఉంది, పాత కథలు మళ్ళీ మళ్ళీ వేసుకుంటూనైనా. 1998లో కార్మిక వివాదంతో ఆగింది. ఏడాది పైచిలుకు రాలేదు. 1999 చివర్లో కొత్త పెట్టుబడితో మళ్ళీ వచ్చింది. అప్పుడు పండగ చేసుకున్నవాళ్ళలో పిల్లల కంటే వాళ్ళ నాన్నలే ఎక్కువని నా అనుమానం. 2004లో నాగిరెడ్డి కూడా వెళ్ళిపోయారు.

2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ చందమామను కొనేసింది. అరవయ్యేళ్ళ వేడుకకు అమితాబ్ బచ్చన్ వచ్చాడు. మరుసటి ఏడాది ఇంగ్లీషు చందమామ రూపం మార్చారు: ఈనాటి కథలు, సైన్సు, చరిత్ర శీర్షికలు, కొత్త లేఔటు, పక్కన పాత కథల పునర్ముద్రణ. జీన్సు వేసుకున్న కుర్రాణ్ణి పట్టుకోవాలన్నది ఆలోచన. తప్పేమీ కాదు. కానీ పాత చందమామ ఎవరి వెంటా పడలేదు. కుర్రాడు ఎలా ఉన్నాడని చూసి బట్టలు మార్చలేదు. తన అరుగు మీద తాను కూర్చుని కథ చెప్పింది, వాళ్ళే వచ్చి కూర్చున్నారు.

టీవీ చంపింది, ఫోను చంపింది అంటారు. నేనొప్పుకోను. టీవీ వచ్చాక కూడా చందమామ ఏళ్ళ తరబడి బతికింది. గొంతు నులిమింది అప్పు. ఆ కొన్న కంపెనీ విదేశీ బాండ్ల మీద తెచ్చిన డబ్బు 2013లో తిరిగి కట్టలేక కోర్టుల్లో చిక్కుకుంది. అప్పటికే పత్రిక తడబడుతూ వస్తోంది. ఆ ఏడాదితో పూర్తిగా ఆగిపోయింది. వీడ్కోలు సంచిక లేదు, సంపాదకుడి చివరి మాట లేదు. ఒక్కో పంక్తిని దిద్దుకుంటూ ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చున్న మనిషి ఉన్న పత్రికకు ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. విక్రమార్కుడి మౌనం వీడాలంటే భుజాన ఉన్న శవంలోని బేతాళుడు ప్రశ్న వేయాలి. ఈసారి ప్రశ్న అడిగేవాళ్ళే లేకపోయారు.

శంకర్ మాత్రం దాదాపు చివరిదాకా గీశాడు. 2020 సెప్టెంబరు 29న, తొంభై దాటిన వయసులో చెన్నైలో పోయాడు. మర్నాడు పేపర్లు ఆయన ఫోటో పక్కన భుజాన శవంతో నడిచే ఆ విక్రమార్కుడి బొమ్మ వేశాయి. ఆ బొమ్మ వచ్చిన పత్రిక అప్పటికి ఒక దివాళా కంపెనీ ఆస్తుల లెక్కలో ఉంది.