మొక్కల అక్వేరియంలో తెల్లమచ్చల వ్యాధి

మంచినీటి అలంకార చేపలకు తరచుగా సోకే పరాన్నజీవి రోగాల్లో తెల్లమచ్చల వ్యాధి ఒకటి. దీనికి కారణం ఇక్తియోఫ్తిరియస్ మల్టీఫిలిస్ అనే ఏకకణజీవి. అక్వేరియం పెంచేవాళ్లు పొట్టిగా ‘ఇక్’ అంటారు. కోస్తా ఆంధ్ర రొయ్యల రైతులు ‘వైట్ స్పాట్’ అనేది వేరే రోగం. అది వైరస్ వల్ల రొయ్యలకు వస్తుంది, చేపలకు సోకదు. మొక్కలు, నత్తలు, చిన్న రొయ్యలు, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా కలిసి బతికే తొట్టెలో, చేపకు వేసిన మందు మిగతావాటి ప్రాణం తీయవచ్చు. కాబట్టి ఏ మందు వేయాలో తేల్చుకునే ముందే ఎక్కడ వేయాలో తేల్చుకోవాలి.

జీవితచక్రం

పరాన్నజీవి చేప చర్మం, మొప్పల పైపొర కిందికి చొరబడి కణజాలాన్ని తింటూ పెరుగుతుంది. పైకి కనిపించే తెల్లచుక్క ఈ దశే. దాదాపు 1 మిల్లీమీటరు దాకా పెరిగాక చేపను వదిలి ఆకులకో, ఇసుకకో, స్పాంజికో అంటుకుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. లోపల విభజన చెంది వందల పిల్లలవుతుంది. గూడు వీడి ఈదే ఈ పిల్లల్లో చాలావరకు 48 గంటల్లోపు చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర చక్రమంతా సుమారు వారంలో పూర్తవుతుంది. చల్లటి నీటిలో వారాలు పడుతుంది.

మందులు ప్రధానంగా ఈదే దశ మీదే పనిచేస్తాయి. చర్మం కిందివి, గూటిలోవి తప్పించుకుంటాయి. మచ్చలు పోయాయని వెంటనే మందు ఆపితే రోగం తిరగబెట్టేది ఇందుకే.

లక్షణాలు

ఒంటిమీద, రెక్కల మీద ఉప్పురవ్వ చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. చేప దుంగలకు, ఆకులకు ఒళ్లు రాసుకుంటుంది, రెక్కలు ముడుచుకుంటుంది, మేత మానేస్తుంది. మొప్పలకు సోకితే చుక్కలు కనిపించకుండానే రొప్పుతుంది. చర్మం మీది జిగురును గీకి సూక్ష్మదర్శిని కింద పెడితే, గుర్రపు నాడా ఆకారపు కేంద్రకంతో మెల్లగా దొర్లే జీవి కనిపిస్తుంది, రోగం ఖాయమైనట్టే.

చికిత్స

చేపలన్నిటినీ వేరే తొట్టెకు మార్చి, అక్కడే మందు వేయడం అన్నిటికన్నా క్షేమం. మచ్చలు లేని చేపలను కూడా మార్చాలి. మొక్కల తొట్టెను 25 డిగ్రీలకు పైన రెండు వారాలు చేపల్లేకుండా ఉంచితే, అందులోని పరాన్నజీవులు ఆశ్రయం లేక నశిస్తాయి. రొయ్యలకు, నత్తలకు ఈ రోగం సోకదు. అవి మొక్కలతోపాటే ఉండవచ్చు. చికిత్స తొట్టెలో అమ్మోనియా త్వరగా పేరుకుంటుంది కాబట్టి రోజూ కొంత నీరు మార్చి, మార్చిన నీటికి తగినంత మందు మళ్లీ కలపాలి.

వేడి: చేపలు తట్టుకునేవైతే నీటిని క్రమంగా 30 డిగ్రీలకు పెంచి పది రోజులకు పైగా నిలుపుతారు. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. రాత్రిళ్లు మొక్కలు కూడా దాన్ని వాడుకుంటాయి. ఎయిర్ పంపు ఆగకూడదు. గోల్డ్‌ఫిష్‌కు ఈ పద్ధతి నప్పదు.

ఉప్పు: లీటరుకు 2–3 గ్రాములు, కొద్దికొద్దిగా కరిగించి కలుపుతారు. సున్నితమైన మొక్కలు దీనికి కుళ్లిపోతాయి కాబట్టి వేరు తొట్టెకే పరిమితం చేయాలి.

మలకైట్ గ్రీన్, ఫార్మలిన్: బాగా పనిచేసే జోడీయే కానీ విషపూరితం, చేతికి తొడుగులు తప్పనిసరి. పొలుసుల్లేని చేపలకు మోతాదు తగ్గించమని చాలా సీసాల మీద ఉంటుంది. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉంటే ముందే తీసేయాలి; అది మందును పీల్చేసుకుంటుంది. తినే చేపలకు మలకైట్ గ్రీన్ వాడకూడదు.

రాగి: రొయ్యలకు, నత్తలకు ప్రాణాంతకం. మట్టిలో పేరుకుని చాలాకాలం ఉండిపోతుంది. మొక్కల తొట్టెలో వేయనే వేయకూడదు.

చివరి చుక్క పోయాక కూడా కనీసం ఇంకో చక్రం పూర్తయ్యేదాకా చికిత్స కొనసాగించాలి.

నివారణ

కొత్త చేపలను రెండు నుంచి నాలుగు వారాలు వేరుగా ఉంచి గమనించాలి. మొక్కల ఆకులకు అంటుకునీ పరాన్నజీవి రావచ్చు. వాటినీ చేపల్లేని నీటిలో కొన్నాళ్లు ఉంచాలి. చలికాలంలో నీరు హఠాత్తుగా చల్లబడితే చేపల రోగనిరోధక శక్తి తగ్గుతుంది. హీటర్ ఆ ముప్పును తగ్గిస్తుంది. ఒక తొట్టెలో ముంచిన వలను తడిగా ఇంకో తొట్టెలో పెట్టకూడదు. ఈ జీవి ఎండుదనాన్ని తట్టుకోలేదు కాబట్టి వలను పూర్తిగా ఆరబెడితే చాలు.