చింతపడవద్దన్న మాటలో ఏముంది, ఏం లేదు



2024 సెప్టెంబర్ 1 ఆదివారం. నెల మొదటి ఆదివారం కాబట్టి చాలా సంఘాల్లో ఆ రోజు ప్రభువు బల్ల. భవానీపురం, విద్యాధరపురం, సింగ్ నగర్ ప్రాంతాల్లో ఎంతోమంది విశ్వాసులకు మందిరానికి వెళ్లే దారి లేకపోయింది. కుండపోత వానలకు బుడమేరు పొంగింది. దాని మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడి నీళ్లు నగరం మీదికి వచ్చాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షలే పెద్దదనుకున్నాం, అదీ దాటింది. మూడు గండ్లనూ సైన్యం సాయంతో పూడ్చేసరికి సెప్టెంబర్ 7 అయింది. బుడమేరును బెజవాడ దుఃఖదాయని అని ఊరికే అనలేదు.

నీళ్లు దిగాయి. ఫైరింజన్లతో ఇళ్లలో బురద కడిగారు. ఆ తరువాతి ఆదివారాల్లో మా సంఘంలో సాక్ష్యాల సమయం పెట్టాం. దేవుడు ప్రాణాలతో కాపాడాడని ఒక్కొక్కరే లేచి చెప్పారు. నిజమే. కుట్టు మిషన్ మీద ఇల్లు నడుపుకునే ఒక సహోదరి వెనక కూర్చుని ఉంటే, "మీరు కూడా ఒక మాట చెప్పండమ్మా" అని నేనే పిలిచాను. ఆమె లేచి, "నాకు చెప్పబుద్ధి కావట్లేదు అయ్యగారూ. ఇప్పుడు చెబితే అబద్ధమవుద్ది" అని కూర్చుంది. పక్కనున్న పెద్దావిడ, "చింతపడకూడదు తల్లీ, వాక్యం చెబుతుంది కదా" అన్నారు. ఆ పూట ప్రసంగం నేను సరిగా చెప్పలేకపోయాను.

వాక్యం నిజంగా ఏం చెబుతోంది? మత్తయి 6వ అధ్యాయం 25 నుంచి 34 వచనాల్లో ప్రభువు చింతించవద్దన్న చోట గ్రీకులో ఉన్న క్రియ మెరిమ్నావో. మార్తతో లూకా 10:41లో అన్నదీ, ఫిలిప్పీ 4:6లో పౌలు వాడిందీ అదే. ఇంతవరకు అందరికీ తెలుసు. అయితే అదే ఫిలిప్పీ పత్రికలో రెండు అధ్యాయాల ముందు, 2:20లో, తిమోతి సంఘస్థుల గురించి నిజంగా పట్టించుకుంటాడని పౌలు మెచ్చుకున్నాడు. అక్కడా అదే క్రియ! 1 కొరింథీ 12:25లో శరీరంలోని అవయవాలు ఒకదాని గురించి ఒకటి చూపవలసిన శ్రద్ధకూ అదే. ఇక 2 కొరింథీ 11:28లో సంఘాలన్నిటి గురించి తనకు అనుదినం ఉన్న చింతను పౌలు దాచుకోలేదు. ఒకే మాటను ఒకచోట వద్దని, ఒకచోట కావాలని రాశారంటే, బిడ్డ ఫీజు గురించీ ఇంటి అద్దె గురించీ ఆలోచించడం అవిశ్వాసం కాదన్నమాట. రేపటిని పూర్తిగా మన నెత్తిన పెట్టుకుని, తండ్రి లేనివాళ్లలా కుంగిపోవడం గురించి ప్రభువు మాట్లాడుతున్నాడు. ఏనాటి కీడు ఆనాటికి ఉంటుందని ఆయన చివర ఒప్పుకున్నాడు కూడా. కీడే లేదని అనలేదు.

కృతజ్ఞత విషయమూ అంతే. 1 థెస్సలొనీక 5:18లో గ్రీకు విభక్తికి అర్థం అన్నిటి "లో" కృతజ్ఞత చెల్లించమని. అన్నిటి "కోసం" అని కాదు. ఈ తేడా బైబిల్ కాలేజీలో నేర్చుకుని చాలాకాలం సంతోషపడ్డాను. ఎఫెసీ 5:20లో మాత్రం "కోసం" అనే ఉంది. దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. కానీ 2 కొరింథీ 1:8లో బ్రతుకు మీద ఆశే పోయిందని రాసుకున్నదీ ఆ పౌలే. ఆ రెండు వచనాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. వాట్సాప్‌లో వచ్చే వాక్యం కార్డుల మీద రెండోది నాకు ఎప్పుడూ కనబడలేదు.

ఇక కీర్తనల గ్రంథం. 150 కీర్తనల్లో ఇంచుమించు మూడో వంతు మొరలు, విలాపాలు. 13వ కీర్తనలో భక్తుడు ఎంతకాలమని దేవుణ్ణి నాలుగుసార్లు అడుగుతాడు. ఆరు వచనాల్లోనే పాటలోకి వస్తాడు. 69వది నీళ్లు ప్రాణం దాకా వచ్చాయని, అడుగు అందని బురదలో దిగబడ్డానని మొదలవుతుంది. 30వ వచనం దగ్గర గాని స్తుతి రాదు. 88వ కీర్తనలో అదీ రాదు. చీకటితో ముగుస్తుంది. దాన్ని చేర్చినవారు చివర ఒక హల్లెలూయ అతికించలేదు.

1864 నవంబర్ 1న బందరు ఉప్పెన, 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన చూసిన డెల్టా మనది. మనకు ఆ కీర్తనలు కొత్తగా నేర్పనక్కర్లేదు. మన ఆదివారాల్లో వాటికి చోటివ్వడమే మానేశాం.

సంతోషం సంగతి ఇంకో చిక్కు. వరద తగలని మూడో అంతస్తు కుటుంబం ఒకటి బాబు మొదటి పుట్టినరోజు కృతజ్ఞతా కూడికను వాయిదా వేసింది. కింద వాళ్లు మంచాలు ఎండబెట్టుకుంటుంటే మేము కేకు ఎలా కోస్తామండీ అని అడిగారు. రోమా 12:15లో ఏడ్చేవారితో ఏడవడం కంటే ముందు సంతోషించేవారితో సంతోషించడం ఉంది. ఆ రెంటిలో మొదటిదే కష్టమని, దానికి ఇంకా పెద్ద మనసు కావాలని 4వ శతాబ్దపు క్రిసోస్తోము ఆ పత్రిక మీద చేసిన ప్రసంగంలో వివరించాడు. నేను ఆ కుటుంబానికి కూడిక పెట్టమనే చెప్పాను. పెట్టారు. కింద వాళ్లే వచ్చి చాపలు పరిచారు.

ఇప్పుడు మా సంఘంలో సాక్ష్యాలకు ముందు ఒక విలాప కీర్తన చదువుతున్నాం. ఎవరినీ పేరు పెట్టి పిలవడం లేదు. మొదటిసారి 88వది చదివినప్పుడు, "ఇది బైబిల్లోనే ఉందా అయ్యగారూ?" అని ఆ సహోదరి అడిగింది. ఆమె లేచి మాట్లాడటానికి ఫిబ్రవరి దాకా పట్టింది. మిషన్ మోటారు మార్పించానని, అందుకు చేసిన అప్పు ఇంకా కొంత మిగిలి ఉందని, పెళ్లిళ్ల జాకెట్లు రావడం మొదలైందని చెప్పి, అప్పు గురించి ప్రార్థన చేయమంది. చేశాం.