సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు: పురసేవ, పదవీత్యాగము

దేవాంగకులమున జన్మించి చెన్నపురికి కీర్తి తెచ్చిన సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారిని మనవారు సభలయందు తరచుగా స్మరింతురు. నామస్మరణము సులభము, ఆయన నడచిన త్రోవ నెరుగుట ముఖ్యము.

శెట్టిగారు 1852 వ సంవత్సరమున జన్మించిరి. పట్టభద్రులై వర్తకమున ప్రవేశించి, నేతపరిశ్రమను నడిపిరి. 1882 మొదలు 1922 వరకు, నలువదేండ్లు, చెన్నపురి నగరసభలో సభ్యులుగా నుండిరి. నీరు, వీథులు, మురుగుకాలువలు, పాఠశాలలు: ఇవియే ఆ సభ నిత్యవ్యవహారములు. కీల్పాకు జలాశయపు పనులు 1914 లో పూర్తియై శుద్ధజలము లభించినది ఆ కాలముననే. 1919 నాటి నగరసభాశాసనము పిమ్మట సభ యెన్నుకొనిన ప్రథమాధ్యక్షులు శెట్టిగారే. 1920 లో థౌజండ్ లైట్సు పాఠశాలలోని బాలురకు, తల కొక్కింటికి దినమునకు ఒక అణా మించకుండ, ఫలాహార మొసగుటకు ఆయన యధ్యక్షతన సభ తీర్మానించెను. ఆకలిగొన్న బాలునకు అక్షరమెట్లు రుచించును? ప్రభుత్వము వ్యయమున కంగీకరింపనందున 1925 లో ఆ యేర్పాటు నిలిచినను, బీజము నశింపలేదు. పిదప రాష్ట్రమెల్ల వ్యాపించిన బడిభోజనమునకు అదియే తొలిమెట్టు.

డాక్టరు టి. ఎం. నాయరుగారును శెట్టిగారును నగరసభలో ప్రతికక్షులు. నటేశ మొదలియారుగారి ప్రయత్నముచే వారిరువురును పాతవైరము విడిచి 1916 లో నొక్కటై, జస్టిసుపక్షమునకు పునాది వేసిరి. 1920 ఎన్నికలలో ఆ పక్షము గెలువగా, మంత్రివర్గమును కూర్పుడని గవర్నరు విల్లింగ్డను ప్రభువు శెట్టిగారిని కోరెను. ఆయన యొల్లనైరి. సుబ్బరాయలు రెడ్డియారుగారు ప్రథమమంత్రి యైరి. 1921 లో పానగల్లు రాజావారు ఆ స్థానమునకు వచ్చిరి. శెట్టిగారు పక్షనాయకులుగనే నిలిచి, 1925 లో దివంగతులైరి.

ఆ 1920 లోనే చెన్నరాష్ట్రమున పురనిర్మాణశాసనము పుట్టెను. తదనంతరము మాంబళపు చెరువునేలపై, చక్కని వీథులతో నొక క్రొత్తపేట వెలసెను. ఆ పేటకు త్యాగరాయనగరమనియు, దాని నడుమ నుద్యానమునకు పానగల్లు రాజావారి పేరును పెట్టిరి. పదవి నొల్లని వాని పేరు పేట కంతకును, పదవి నేలినవాని పేరు తోటకును దక్కినవి!

మన సంఘమున నొక కార్యదర్శిపదవికై రెండు కక్షలగు దినములు లేకపోలేదు. ఆయన మనవాడని చెప్పుకొనుటకు అర్హత కావలయును. ఆ ఫలాహారము బడిపిల్లలకు గాని, ఒక్క కులమువారికి గాదు. మన ద్రవ్యముతో నడచు విద్యాదానమును ఆ రీతినే విశాలమగుగాక! పదవిని విడువగలవాడే పేరును నిలుపుకొనును.

స్వస్తి.