పాత ఇనుప పైపుకు కొత్త టాయిలెట్ ఫ్లాంజ్: అమెరికా ఇళ్లలో బిగించేదిలా

అమెరికాలో పాత ఇల్లు కొన్న తెలుగువారికి బాత్‌రూమ్ మార్పించేటప్పుడు కొత్తగా వినిపించే మాట ఫ్లాంజ్. మన దగ్గర కమోడ్‌ను చాలాచోట్ల తెల్ల సిమెంటుతో నేలకు అతికిస్తారు. అక్కడ మురుగు పైపు మూతికి ఒక గుండ్రటి పట్టీ బిగించి, దాని బోల్టులకు కమోడ్‌ను కట్టేస్తారు. ఆ పట్టీయే ఫ్లాంజ్. కమోడ్‌కూ దానికీ మధ్య మైనపు రింగు ఉంటుంది.

1970 దశకానికి ముందు కట్టిన ఇళ్లలో మురుగు పైపు ఎక్కువగా పోత ఇనుముదే. నారను కూరి, పైన సీసం కరిగించి పోసి ఫ్లాంజ్‌ను దానికి అతికేవారు. అది తుప్పు పట్టి విరిగితే కమోడ్ ఊగుతుంది, మైనం ముద్ర చెదురుతుంది. నీరు పైకి కనిపించదు. కింద చెక్క నేల కుళ్లి మెత్తబడ్డాకే సంగతి తెలుస్తుంది. మురుగు వాయువు కూడా ఇంట్లోకి చేరుతుంది.

పట్టీ ఒక్కటే విరిగి, కింది అతుకు గట్టిగా ఉంటే మొత్తం పీకనక్కర్లేదు. స్టీలు మరమ్మతు రింగును పైన పెట్టి నేలకు స్క్రూలు బిగిస్తే చాలు. అతుకు కూడా పోతే పాతది తీయాల్సిందే. ముందుగా పైపులో గుడ్డ కుక్కాలి. వాయువు రాదు, ముక్కలు లోపల పడవు. సీసంలో వరుసగా డ్రిల్లుతో రంధ్రాలు వేసి, ఉలితో పెళ్లగించాలి. దాన్ని మంటతో కరిగించకూడదు, ఆ పొగ విషం. సుత్తి దెబ్బలూ చూసి వేయాలి. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పైపే పగిలితే పని నేల తవ్వేదాకా పోతుంది.

ఎక్కువగా జరిగే తప్పు ప్లాస్టిక్ ఫ్లాంజ్‌ను పీవీసీ జిగురుతో ఇనుముకు అతికించబోవడం. ఆ జిగురు ఇనుమును పట్టదు. ఇందుకోసమే రబ్బరు వలయం ఉన్న కంప్రెషన్ ఫ్లాంజ్‌లు దొరుకుతాయి. బోల్టులు బిగించేకొద్దీ రబ్బరు ఉబ్బి పైపు గోడను పట్టుకుంటుంది. కొనేముందు పైపు లోపలి, బయటి కొలతలు రెండూ తీసుకోవాలి. లోపల దూర్చే రకం దారిని కొంత ఇరుకు చేస్తుంది. పైపు చుట్టూ చోటుంటే బయట తొడిగే రకమే మేలు. పైపు గోడ మీది తుప్పును తీగ బ్రష్‌తో గీకకపోతే ఏ రబ్బరూ ఆగదు.

ఫ్లాంజ్ టైల్స్ వేసిన నేల మీద కూర్చోవాలి, దాని కింద కాదు. స్క్రూలు నేలలోకి గట్టిగా దిగాలి. గుడ్డ తీసేసి, కొత్త మైనపు రింగు పెట్టి, కమోడ్‌ను పక్కలకు కదపకుండా నిటారుగా దించాలి. బోల్టులను అటొకసారి ఇటొకసారి కొద్దికొద్దిగా బిగించాలి, బలవంతం చేస్తే పింగాణీ చిట్లుతుంది. నాలుగైదుసార్లు ఫ్లష్ చేసి, చుట్టూ పొడి కాగితంతో అద్ది చూడాలి.