డిచ్‌పల్లికి పోయినోళ్లు

మా బాపమ్మ ఎవరి గురించైనా 'డిచ్‌పల్లికి పోయిండు' అన్నదంటే, ఆ మనిషి ఊరికి పోయాడని కాదు. గొంతు తగ్గించి, తలుపు దిక్కు ఒకసారి చూసి అనేది ఆ మాట. పెద్దరోగం, అంటే కుష్ఠు, వచ్చిందని దాని అర్థం. రోగం పేరు ఎత్తితే అది గడప దాటి లోపలికొస్తుందన్న భయం కాబోలు, ఊరి పేరునే రోగానికి పెట్టేసుకున్నారు. చూడముచ్చటైన శిల్పాలతో రామాలయం ఉన్న ఊరది. బాపమ్మకు మాత్రం గుడి గుర్తుకొచ్చేది కాదు, దవాఖానే గుర్తుకొచ్చేది. ఆ దవాఖాన గురించి రాయమని అడిగినప్పుడు నాకు మొదట వినపడింది ఆ తగ్గించిన గొంతే.

ఆ దవాఖాన కథ 1907లో మొదలైంది. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన ఇసబెల్ కెర్, వెస్లియన్ మెథడిస్టు మిషనరీ అయిన భర్త జార్జి కెర్‌తో కలిసి ఆ ఏడు నిజాం రాజ్యానికి వచ్చింది. కుష్ఠు వైద్యం చేద్దామని వచ్చిన మనిషి కాదు. జ్వరాలకు, కాన్పులకు, పుండ్లకు మందిచ్చే పనిలో ఉండగా, ఇంట్లోంచి వెళ్లగొట్టిన రోగులు కంటపడ్డారు. 1911లో భార్యాభర్తలు మొదట నిజామాబాదులో వాళ్లకొక చోటు ఏర్పాటు చేశారు. వచ్చేవాళ్లకు అది చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తం ఇచ్చాడు. ఆ అండతో 1915లో డిచ్‌పల్లి కేంద్రం తెరుచుకుంది. మిషన్ ఆసుపత్రి అనగానే డబ్బంతా సముద్రం దాటి వచ్చిందనుకుంటాం. ఇక్కడ దొరసాని చదువుకు గౌడుగారి సొమ్ము తోడైంది. ఆ సొమ్ము లేకుంటే ఎన్నేళ్లు ఆగవలసి వచ్చేదో!

అయితే తెరుచుకున్న రోజున అది దవాఖాన అనిపించుకోదగ్గదేనా అంటే, నా మటుకు నేను కాదనే అంటాను. అన్నం, బట్ట, నెత్తిన నీడ, కట్టు కట్టే చేతులు ఉన్నాయి. మందు మాత్రం గట్టిది లేదు. దాన్ని దవాఖానగా మార్చింది ఒక నూనె. చాల్‌మూగ్రా జాతి చెట్ల గింజల నుంచి తీసే ఈ నూనెను మన దేశంలో ఎప్పటినుంచో తాగించేవారు. తాగితే కడుపులో తిప్పి వాంతయ్యేది. దాన్ని సూదిమందుగా ఎక్కించే పద్ధతికి కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ వంటి వైద్యులు మెరుగులు దిద్దితే, ఇసబెల్ కెర్ ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చింది.

సూది అంటే ఇప్పటి సన్నసూది కాదు. చిక్కటి నూనె దిగాలంటే సూదీ లావుగానే ఉండాలి. గుచ్చిన చోట వాచేది, సలిపేది. అలా వారం వారం, నెలలు, ఏళ్లు. అంత బాధ పడ్డా, ముదిరిన రోగానికి దానివల్ల ఒరిగింది తక్కువే. మొదట్లోనే వచ్చినవాళ్లకు కొంత మేలు చేసిందనేవారు. కానీ ఆ నూనె చేసిన అసలు పని వేరే ఉంది. డిచ్‌పల్లిలో సూది ఉందన్న మాట ఊళ్లకు పాకితే, వేళ్లు పోయాక కాదు, తిమ్మిరి మచ్చ కనబడగానే బయలుదేరడానికి మనిషికి ఒక కారణం దొరికింది. చావడానికి కాదు, నయం చేయించుకుని తిరిగి రావడానికి. ఈ సేవకు గుర్తింపుగా 1923లో దంపతులిద్దరికీ బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చే కైజర్-ఎ-హింద్ పతకాలు వచ్చాయి.

ఆ తర్వాత డిచ్‌పల్లిలో పనిచేసినవాళ్లలో జాన్ లో అనే డాక్టరున్నాడు. ఇక్కడ నూనె సూదులు చూసిన ఆయనే తర్వాతి కాలంలో నైజీరియాలోని ఉజువాకోలిలో డాప్సోన్ అనే కుష్ఠు మందును నోటి ద్వారా, చవగ్గా, ప్రమాదం లేకుండా ఇవ్వొచ్చని చూపిన వైద్యుల్లో ఒకడయ్యాడు. 1947లో దక్షిణ ఇండియా సంఘం అనే ఉమ్మడి చర్చి ఏర్పడింది. వెస్లియన్ మిషన్ పనులు దాని కిందికి వచ్చాయి. సూది పోయి మాత్ర వచ్చింది. ఒక్క డాప్సోన్‌కు క్రిములు లొంగకుండా పోతున్నాయని తేలాక, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి వాడమంది. ఏళ్ల తరబడి సాగిన వైద్యం పోనుపోను ఆరు నెలలకో, ఏడాదికో దిగింది. ఆ మందుల్లో ఒకటైన క్లోఫజిమిన్ వేసుకుంటే ఒళ్లు నల్లబడుతుంది. నల్లబడితే నలుగురూ అడుగుతారని మధ్యలో మానేసినవాళ్లున్నారు. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒక రోగి కన్నా తక్కువకు లెక్క దిగింది. ఇలాంటి దవాఖానలకు ఇదో చిత్రమైన గెలుపు. పని బాగా చేసినకొద్దీ మంచాలు ఖాళీ అవుతాయి.

మందు క్రిమిని చంపుతుంది, చచ్చిన నరాన్ని మాత్రం బతికించదు. అందుకే రోగం పోయినా కాళ్ల పని మిగిలింది. ఒక కుష్ఠు దవాఖాన వరండాలో పొద్దున్నే ఆ పని చూశాను. వరసగా ప్లాస్టిక్ టబ్బులు, మడమలు మునిగేదాకా నీళ్లు, వాటిలో పాదాలు. చర్మం నానాక గరుకురాయితో గట్టిపడ్డ తోలు రుద్దుకుంటారు. తడి ఆరకముందే నూనె రాసుకుంటారు. చిన్న అద్దం కింద పట్టి అరికాలు చూసుకుంటారు. ముల్లు గుచ్చుకున్నా వాళ్లకు తెలియదు. నొప్పి చెప్పవలసిన కబురు కళ్లే చెప్పాలి.

పక్క గదిలో చెప్పులు కుట్టే కుర్రాడున్నాడు. మెత్తటి నల్ల రబ్బరు అట్ట, మడమ వెనక పట్టీ. మేకు ఒక్కటి ఉండకూడదు, అంతా జిగురూ కుట్టూనే. లోపల మేకు లేస్తే, అది ఎముకదాకా దిగినా మనిషి నడుస్తూనే ఉంటాడు. ఓ ముసలాయన కొలత ఇవ్వడానికి కాగితం మీద కాలు పెట్టి నిలబడ్డాడు. గీత గీయడం అయ్యాక కుర్రాడి భుజం పట్టుకుని మెల్లగా అన్నాడు.

"బిడ్డా, గీ నల్లచెప్పులు చూస్తే ఊరంత తెలుస్తది. జర షాపుల దొరికేటియి లెక్క కుట్టరాదు?"

"పైన ఎర్రతోలు ఏస్త తాతా. అడుగు మాత్రం గిదే."

ముసలాయన కాసేపు ఆలోచించి, పట్టీకి బకిలీ ఏ రంగుదని అడిగాడు.