ఆప్టోమెట్రీ విద్య

కంటిచూపును కొలిచి, లోపాన్ని అద్దాలతోనో కాంటాక్ట్ లెన్స్‌తోనో సరిదిద్దే వృత్తికి చదువు. దీన్ని కంటి డాక్టరు చదువుగా పొరబడేవారు ఎక్కువ. ఆప్టోమెట్రిస్టు శస్త్రచికిత్స చేయరు. శుక్లాలు, గ్లకోమా ఛాయలు కనబడితే వైద్యుడి వద్దకు పంపుతారు. దీని డిగ్రీ కోర్సు బి.ఆప్టమ్ సాధారణంగా నాలుగేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంటర్‌లో సైన్సు చదివి ఉండాలి.

కాంతిశాస్త్రం, నేత్ర నిర్మాణం పుస్తకాల్లో వచ్చేస్తాయి. రెటినోస్కోపీ మాత్రం చేతికి అలవడాలి. కనుపాపలోకి కాంతిగీత ప్రసరింపజేసి, లోపలి ప్రతిఫలనం ఎటు కదులుతోందో చూస్తూ, ఆ కదలిక ఆగేదాకా కటకాలు మారుస్తారు. అక్షరాలు రాని పసివాళ్లకూ ఇలా పవర్ తేల్చవచ్చు.

హైదరాబాదులో 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ విద్యకు పేరెన్నికగన్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ ఆప్టోమెట్రీ కోర్సు ఉంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తినీ తన పరిధిలోకి తెచ్చింది, ఆలస్యంగానే అనాలి.

2018 ఆగస్టు 15న ఉమ్మడి మెదక్ ప్రాంతంలోని మల్కాపూర్‌లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ ‘కంటి వెలుగు’ కంటి పరీక్షా శిబిరాలు వీరి పనిని పల్లెలకు చూపాయి. అయినా అదే ఉమ్మడి మెదక్‌లోని నారాయణఖేడ్ ప్రాంతపు మనూర్ విద్యార్థికి ఈ చదువంటే హైదరాబాదు ప్రయాణమే.