కాలేజీ, కంపెనీ, సర్కారు గ్రాంటు: సంతకానికి ముందు తెలుసుకోవలసినవి

మన పిల్లలు బెంగళూరు, చెన్నై, కోయంబత్తూరు, బరంపురం, పుణె కాలేజీల్లో చదువుతున్నారు. మనవాళ్ళలో మగ్గాలు, మిల్లులు, ఫౌండ్రీలు నడిపేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండు చోట్లనూ కలిపి కొత్త వస్తువు తయారు చేయించడానికి సర్కారు ఇచ్చే డబ్బు ఉంది. ఆ సంగతి తెలియకపోతే అవకాశం పోతుంది. సగం తెలిసి సంతకం పెడితే హక్కు పోతుంది. అందుకే ముఖ్యమైన వివరాలు ఒకచోట చేర్చాం.

పద్ధతి ఏమిటి?

కంపెనీకి సమస్య తెలుసు, ల్యాబు ఉండదు. కాలేజీకి ల్యాబు ఉంది, సరుకు తయారుచేసి అమ్మే దారి ఉండదు. ఇద్దరూ కలిసి దరఖాస్తు పెడితే పరిశోధన ఖర్చులో కొంత సర్కారు భరిస్తుంది. గ్రాంటు అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. కానీ ఒప్పుకున్న పనికే ఖర్చు పెట్టాలి, లెక్క చూపాలి. సాధారణంగా ఒక దశ పని చూపించాకే తరవాతి విడత వస్తుంది.

కాలేజీ, కార్ఖానా పక్కపక్కన ఉండటం మనకు కొత్త కాదు. 1926లో కోయంబత్తూరు పీళమేడులో ఒక నాయుడు కుటుంబం స్థాపించిన పీఎస్‌జీ ధర్మసంస్థ, 1951లో మొదలైన తన ఇంజనీరింగ్ కాలేజీని తన పారిశ్రామిక సంస్థ ఆవరణలోనే నడిపింది.

ఎవరిస్తారు?

జీవసాంకేతిక రంగంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ 2012లో ఏర్పడింది. దాని 'బిగ్' పథకం కొత్త ఆలోచనకు 50 లక్షల రూపాయల వరకు, 18 నెలల గడువుతో ఇస్తుంది. దాని కాంట్రాక్టు పరిశోధన పథకంలో, కాలేజీలో కనుగొన్నదాన్ని కంపెనీ పరీక్షించి చూస్తుంది. హక్కు విద్యాసంస్థదే, దాన్ని వ్యాపారానికి తెచ్చే మొదటి అవకాశం కంపెనీది. 2015లో ఐఐటీల కోసం వచ్చిన ఉచ్ఛతర్ ఆవిష్కార్ యోజనలో పరిశ్రమ వాటాను 25 శాతంగా పెట్టారు.

ఫలించిన ఒక ఉదాహరణ

1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం పసికందుల్లో ఒక రోటా వైరస్‌ను గుర్తించింది. అది సోకినా ఆ పిల్లలకు విరేచనాలు కాలేదు. దాని పేరు 116ఇ. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు ఐ321 అనే మరో రకాన్ని గుర్తించారు. హైదరాబాదు భారత్ బయోటెక్ రెండింటినీ టీకాగా పరీక్షకు తెచ్చింది. తిరుత్తణి ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టిన కృష్ణ ఎల్లా 1996లో స్థాపించిన కంపెనీ అది. కేంద్ర జీవసాంకేతిక శాఖ, గేట్స్ ఫౌండేషన్ వంటి సంస్థలు డబ్బు సమకూర్చాయి. ఐ321 చాలినంత రోగనిరోధక స్పందన ఇవ్వక ఆగిపోయింది. 116ఇని ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది శిశువులపై పరీక్షించారు. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాలు సుమారు 56 శాతం తగ్గాయి. 2015లో విడుదలైన ఆ రోటావాక్ చుక్కలను 2016లో సర్కారు టీకాల్లో మొదట చేర్చిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉన్నాయి.

ఇందులో గమనించవలసినవి రెండు. గుర్తించిన రోజు నుంచి పసివాడి నోట్లో చుక్క పడేదాకా దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. ఒకటి నిలబడితే ఒకటి ఆగింది. గ్రాంటు ఆ నష్టాన్ని పంచుకుంటుందే గాని, గెలుపుకు హామీ ఇవ్వదు.

సంతకానికి ముందు

కనుగొన్నదానిపై పేటెంటు ఎవరిది, అమ్మకంలో వాటా ఎంత అన్నది కాగితం మీద ఉండాలి. నోటిమాట చాలదు.

పిల్లలు పరిశోధకులైతే, థీసిస్ ఎప్పుడు ప్రచురించవచ్చో అడగాలి. పేటెంటు దరఖాస్తుకు ముందే సభలో చెప్పినా, పత్రికలో వేసినా పేటెంటు దక్కకపోవచ్చు. అలాగని కంపెనీ థీసిస్‌ను ఏళ్ళ తరబడి ఆపితే చదువు నష్టపోతుంది. గడువు రాయించుకోవాలి.

కంపెనీ యజమానులైతే, తమ వాటా డబ్బు, విడత ఆలస్యమైతే పని సాగించే డబ్బు చేతిలో ఉన్నాయా అని చూసుకోవాలి.

పథకాలకు ఏడాది పొడవునా దరఖాస్తులు తీసుకోరు. ప్రకటన వచ్చాక కాలేజీ కోసం వెతికితే గడువు దాటిపోతుంది. మీ ఊరి కాలేజీలో మీ పనికి దగ్గరి విభాగమేదో ఇప్పుడే కనుక్కోండి. ఒకసారి వెళ్ళి మీ సమస్య చెప్పండి.